గోడలా నిలబడేవాడు కావాలి

ఉగాది మర్నాడు కైరుప్పలలో ఉండాలంటే కాస్త గుండెధైర్యం కావాలి. కర్నూలు జిల్లా ఆస్పరి మండలంలోని ఈ ఊళ్లో ఆ రోజు పిడకల సమరం. వీరభద్రస్వామికీ కాళికాదేవికీ పెళ్లి దగ్గర పేచీ వచ్చిందనీ, అప్పుడు భక్తులు రెండుగా చీలి పిడకలతో కొట్టుకున్నారనీ కథ. ఊరు ఏటేటా ఆ కథను మళ్లీ ఆడుతుంది. అటు ఒక వర్గం, ఇటు ఒక వర్గం. మధ్యలో దుమ్ము, పిడకల ముక్కలు, కేకలు. దెబ్బ తగిలినవాళ్లు విభూది రాసుకుంటారు. అంతా అయ్యాక స్వామికీ అమ్మవారికీ కల్యాణం!

అలాంటి చోట అందరి కళ్లూ విసిరేవాడి మీదే ఉంటాయి. ఎంత ఎత్తుకు విసిరాడు, ఎవరికి తగిలింది అన్నదే మాట. కానీ ఎదుటివాళ్లు గుంపుగా మీదికొచ్చినప్పుడు ఒక్క అడుగు కూడా వెనక్కి వేయకుండా నిలబడే కుర్రాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. ఒళ్లు పెద్దది, మాట చిన్నది. వాడి వెనక నలుగురు దాక్కుని విసురుతుంటారు. సాయంత్రానికి ఆ నలుగురి పేర్లూ ఊరంతా తిరుగుతాయి. వీడి పేరు వీడి అమ్మ ఒక్కతే పిలుస్తుంది... అన్నం తినడానికి!

ఇలాంటి కుర్రాడి కోసమే ఊరూరా తిరిగి వెతికే దేశం ఒకటుంది. వెతికి, చదువు చెప్పించి, తిండి పెట్టి, మూడేళ్లు ఓపిక పట్టి తయారుచేస్తారు. అది అమెరికా. ఆ ఆట కాలేజీ ఫుట్‌బాల్.

ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన గుండ్రటి బంతి ఆట కాదు. అది కోడిగుడ్డులా రెండు వైపులా మొన తేలిన బంతి. చేత్తో విసురుతారు, చంకలో పెట్టుకుని పరిగెడతారు. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు అవకాశాలు, పోకపోతే బంతి ఎదుటివాళ్లకు. చదువుకోవడానికి వెళ్లిన తెలుగు పిల్లలు చాలామందికి దీని గురించి మొదట తెలిసేది శనివారం నాడు ఊళ్లో రోడ్లన్నీ మూసేసినప్పుడే! మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో లక్షా ఏడువేల మందికి పైగా కూర్చోవచ్చు. ఆదోని పట్టణంలో సగానికి పైగా జనాన్ని ఒకేచోట కూర్చోబెట్టినట్టన్నమాట.

ఆ అయిదుగురు

జట్టుకు 11 మంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ హీరో. పట్టేవాడు, పరిగెత్తేవాడు అతని పక్కన ఉండే చిన్న హీరోలు. వీళ్లందరికీ ముందు, బంతికి అటూ ఇటూ వంగి నిలబడే అయిదుగురున్నారే, వాళ్లే అఫెన్సివ్ లైన్. నడిమివాడు సెంటర్. అతనికి చెరో పక్కన గార్డులు. చివర్లలో టాకిల్స్. చాలామంది ఆరడుగుల నాలుగంగుళాల చుట్టుపక్కల ఉంటారు. బరువు 135, 140 కిలోలు. క్వింటాల్ దాటిన మనుషులు!

వీళ్ల పని ఒక్కటే. అవతలి జట్టులోని మల్లులు తమ క్వార్టర్‌బ్యాక్ మీద పడకుండా ఓ మూడు సెకన్లు ఆపడం. ఆ మూడు సెకన్లలో అతను బంతి విసరాలి. పరుగు పెట్టే ఆటైతే, ఎదుటివాణ్ణి పక్కకు తోసి దారి తెరవాలి. మామూలుగా వీళ్లు ముందుకు విసిరిన బంతిని పట్టుకోడానికి నిబంధన ఒప్పుకోదు. అంటే ఆటలో ఉంటారు కానీ బంతి ముట్టరు. సెంటర్ ఒక్కడే బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందిస్తాడు. మైకులో వీళ్ల పేరు వినిపించేది ఎప్పుడో తెలుసా? ఎదుటివాణ్ణి పట్టుకుని లాగితే రెఫరీ జెండా విసిరి 10 గజాలు వెనక్కి పంపినప్పుడు!

కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్ద పురస్కారం హైస్‌మన్ ట్రోఫీ. 1935 నుంచి ఇస్తున్నారు. ఈ అయిదు స్థానాల్లో ఆడే వాడికి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా రాలేదు. 1973లో ఒహాయో స్టేట్ టాకిల్ జాన్ హిక్స్ రెండోస్థానం దాకా వచ్చాడు. అంతే. లైన్‌లో ఆడేవాళ్ల కోసం విడిగా అవుట్‌లాండ్ ట్రోఫీ అని 1946 నుంచి ఒకటుంది. 2015లో జో మూర్ అవార్డు అని మరొకటి పెట్టారు. ఇది మరీ చిత్రం. ఒక ఆటగాడికి కాకుండా దేశంలో బాగా ఆడిన లైన్ మొత్తానికి కలిపి ఇస్తారు. ఇచ్చినవాళ్లకు ఈ ఆట సంగతి బాగా తెలుసు. అయిదుగురిలో నలుగురు సరిగ్గా అడుగేసి ఒకడు తడబడితే నలుగురి కష్టమూ సున్నా.

కాడికి కట్టిన ఎద్దుల జతను నడిపిన రైతుకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

దూడను చూసే కన్ను

ఎమ్మిగనూరులో ఏటా జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగుతుంది. బండలాగుడు పోటీలకు ఎక్కడెక్కడి నుంచో ఒంగోలు జాతి ఎద్దులు వస్తాయి. పళ్లను బట్టి వాటికి తరగతులు. పాలపళ్లవి వేరు, రెండు పళ్లవి వేరు, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి వేరు. ఉలవలు, పత్తిగింజలు, ఇంకా డబ్బున్న ఆసామి అయితే బాదం, ఖర్జూరం దాకా మేపుతాడు. అదంతా తర్వాతి మాట. అసలు విద్య కొనేటప్పుడే ఉంది. దూడ ఇవాళ ఎంత బలిసింది అని చూసేవాడు మోసపోతాడు. కాళ్ల ఎముక మందం, ఛాతీ వెడల్పు, గిట్టలు నేలకు ఆనే తీరు, నడకలో వెనక కాలు ఎక్కడ పడుతోంది... ఇవి చూస్తాడు తెలిసినవాడు. వీలైతే తల్లి ఆవును కూడా చూసి వస్తాడు. కొనేది నేటి దూడను కాదు, మూడేళ్ల తర్వాతి ఎద్దును.

అమెరికాలో అఫెన్సివ్ లైన్ కోచ్ చేసేది అచ్చం ఇదే. 15, 16 ఏళ్ల కుర్రాళ్లను బడుల్లో చూస్తాడు. పరుగెత్తేవాడి వేగం గడియారం చెప్తుంది. బంతి పట్టేవాడి లెక్క కాగితం మీద ఉంటుంది. లైన్‌లో నిలబడేవాడికి అంకెలే ఉండవు! అందుకని వీడియోలు వేసుకుని గంటలకొద్దీ చూడాలి. చేతులు ఎంత పొడుగు? మోకాళ్లు వంచి కూర్చోగలడా, లేక నడుము దగ్గర వంగిపోతున్నాడా? చీలమండ తేలిగ్గా తిరుగుతోందా? అమ్మానాన్నల ఎత్తెంత, పాదాలెంత? బరువు తక్కువైతే బెంగ లేదు. అది తిండితో వస్తుంది. ఎముకల చట్రం మాత్రం ఎవరూ పెట్టలేరు.

ఇంకోటి కూడా చూస్తారు. కుర్రాడు వేరే ఏం ఆటలు ఆడుతున్నాడు అని. కుస్తీ పట్టేవాడంటే కోచ్‌లకు ప్రాణం. అయోవా రాష్ట్రంలో మౌంట్ వెర్నన్ అనే చిన్న ఊరి కుర్రాడు ట్రిస్టన్ వర్ఫ్స్ బడిలో ఉండగానే కుస్తీలో, డిస్కస్‌లో, షాట్‌పుట్‌లో రాష్ట్ర స్థాయి విజేత. కుస్తీలో హెవీ వెయిట్‌కు కూడా 285 పౌండ్ల పరిమితి ఉంటుంది. అంతకు దిగడానికి ఒళ్లు తగ్గించుకుని మరీ పట్టాడు. 2020లో ప్రొఫెషనల్ జట్టుకు ఎంపికై, మరుసటి ఫిబ్రవరికే సూపర్ బౌల్ గెలిచిన జట్టులో టామ్ బ్రేడీకి కాపలా కాశాడు.

అదే అయోవాలో మేసన్‌విల్ అని మరీ చిన్న పల్లె. అక్కడి రాబర్ట్ గ్యాలరీ విశ్వవిద్యాలయానికి వచ్చింది బంతి పట్టే టైట్ ఎండ్‌గా. ఒళ్లు పెరుగుతూ పోయింది, కోచ్‌లు లైన్‌లోకి జరిపారు. 2003లో అవుట్‌లాండ్ ట్రోఫీ గెలిచాడు. ఆ విశ్వవిద్యాలయానికి 1999 నుంచి కర్క్ ఫెరెంజ్ హెడ్ కోచ్. అంతకుముందు 1980లలో ఆయన అక్కడే లైన్ కోచ్. పేరున్న కుర్రాళ్లు పెద్ద రాష్ట్రాల జట్లకు పోతారని తెలిసి, ఎవరూ చూడని పల్లెటూరి పిల్లల్ని పట్టుకుని తయారుచేయడం మీదే అక్కడ సంసారం నడిచింది.

చూసినవాళ్లు పొరబడ్డ కథలూ బోలెడు. ఎరిక్ ఫిషర్ అనే బక్కపలచటి పొడుగాటి కుర్రాణ్ణి పెద్ద విశ్వవిద్యాలయాలు వద్దనుకున్నాయి. సెంట్రల్ మిషిగన్ అనే చిన్న విశ్వవిద్యాలయం తీసుకుంది. 2013లో దేశం మొత్తం మీద ప్రొఫెషనల్ జట్లు ఎంచుకున్న మొట్టమొదటి పేరు అతనిదే! అదే ఏడాది నాలుగో పేరు లేన్ జాన్సన్. టెక్సస్‌లో బడిలో ఉన్నప్పుడు అతను బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్. ఒక చిన్న కాలేజీ, ఆ తర్వాత ఓక్లహోమా, అక్కడ రెండు మూడు స్థానాలు మారి చివరికి టాకిల్‌గా తేలాడు. జేసన్ కెల్సీ సంగతి ఇంకా విచిత్రం. సిన్సినాటిలో స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఖర్చుతో జట్టులో చేరాడు. 2011లో ఆరో రౌండు దాకా అతణ్ణి ఎవరూ అడగలేదు. 2024లో రిటైరయ్యేనాటికి తన కాలపు గొప్ప సెంటర్ అని అంతా ఒప్పుకున్నారు.

ఒక ఏడాది పొలం పడావు

దొరికాక ఏం చేస్తారు? మొదట చేసే పని, ఆడించకపోవడం!

దానికి రెడ్‌షర్ట్ అని పేరు. కాలేజీలో అయిదేళ్లలో నాలుగు సీజన్లు ఆడొచ్చు. అందుకని చేరిన మొదటి ఏడాది కుర్రాణ్ణి పక్కన కూర్చోబెడతారు. 2018 నుంచి ఈ నిబంధనను కాస్త సడలించి, ఆ ఏడాది నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడినా లెక్కలోకి రాదన్నారు. లైన్ కుర్రాళ్లకు ఈ విరామం చాలా అవసరం. 18 ఏళ్ల పిల్లాడికి ఎదురుగా నిలబడేది 22 ఏళ్ల మనిషి. ఎముకలు ముదరని వాణ్ణి ముందుకు తోస్తే మోకాళ్లు పోతాయి. భూమిని ఒక ఏడు పడావు పెట్టి మరుసటేడు విత్తనం వేసే రైతుకు ఇందులో వింతేమీ ఉండదు.

ఆ ఏడాదంతా తిండి, బరువులు, అడుగులు. రోజుకు ఐదారువేల క్యాలరీలు తినాలి. వినడానికి బాగుంటుంది కానీ, ఆకలి లేనప్పుడు కూడా గంట కొట్టినట్టు తినడం శిక్ష లాంటిదేనని ఆడినవాళ్లు చెబుతారు. ఇక అడుగులు. మొదటి అడుగు జానెడు కూడా ఉండకూడదు. పెద్ద అడుగు వేస్తే ఒక కాలు గాల్లో ఉండగానే ఎదుటివాడు తోసేస్తాడు. క్వార్టర్‌బ్యాక్‌ను కాచేటప్పుడు వెనక్కి జరుగుతూ, కూర్చున్న భంగిమలోనే, బయటి కాలితో నేలను రాసుకుంటూ పోవాలి. చేతులు ఎదుటివాడి భుజాల లోపలికి, ఛాతీ మీదికి వెళ్లాలి. ఎవడి తల కింద ఉంటే వాడిదే పైచేయి. ఈ నాలుగు సంగతులూ వేలసార్లు చేయిస్తారు. చూసేవాడికి విసుగు, చేసేవాడికి నరకం.

ఎడమ పక్క ఆడేవాణ్ణి కుడి పక్కకు మారిస్తే మళ్లీ మొదటికే వస్తుంది. అడుగులన్నీ అద్దంలో బొమ్మలా తారుమారవుతాయి. వలపట ఎద్దును దాపట కట్టి చూడండి, తెలుస్తుంది!

ఆ ఎడమ పక్కకు ఓ ప్రత్యేకత ఉంది. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ విసరడానికి తిరిగినప్పుడు అతని వీపు ఎడమ పక్కకు ఉంటుంది. అటునుంచి వచ్చేవాణ్ణి అతను చూడలేడు. మైకేల్ లూయిస్ 2006లో ‘ది బ్లైండ్ సైడ్’ అని పుస్తకం రాసింది ఈ సంగతి మీదే. మెంఫిస్‌లో పేదరికంలో పెరిగిన మైకేల్ ఓహర్ అనే కుర్రాణ్ణి ఓ సంపన్న కుటుంబం ఇంట్లో ఉంచుకోవడం, అతను మిసిసిపి విశ్వవిద్యాలయంలో టాకిల్‌గా ఎదగడం అందులోని కథ. 2009లో సినిమాగా వచ్చింది. సాండ్రా బులక్‌కు ఆస్కార్ తెచ్చింది. కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 2023లో ఓహర్ కోర్టుకెక్కాడు. తనను దత్తత తీసుకున్నారనుకున్నాననీ, నిజానికి తన తరఫున సంతకాలు చేసే హక్కు మాత్రమే రాయించుకున్నారనీ అతని ఫిర్యాదు. ఆ కుటుంబం అతని ఆరోపణలను కాదంది. ఆ సెప్టెంబరులో జడ్జి ఆ ఏర్పాటును రద్దు చేశారు. పెద్ద ఒళ్లున్న పేద పిల్లాడి చుట్టూ ఎన్ని చేతులు చేరతాయో తల్లిదండ్రులు ఒకసారి ఆలోచించుకోవలసిన కథ.

ఒంటి సంగతీ ఉంది. జో థామస్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చి, 2007 నుంచి 2017 దాకా క్లీవ్‌లాండ్ జట్టు తరఫున వరసగా 10,363 సార్లు బరిలో నిలబడ్డాడు. ఒక్కటి కూడా వదల్లేదు. ఆట మానేశాక అతను చేసిన మొదటి పని, అన్నేళ్లు కష్టపడి పెంచిన ఒళ్లు కరిగించుకోవడం. చేయకపోతే గుండెకు, కీళ్లకు ముప్పు. దీనికి తోడు తలకు పదేపదే తగిలే చిన్న చిన్న దెబ్బల మీద బోస్టన్ విశ్వవిద్యాలయం పరిశోధనలు బయటపెట్టిన సంగతులు చదివాక పిల్లల్ని ఈ ఆటకు పంపాలా వద్దా అని ఆలోచించే అమెరికా తల్లులు తక్కువేమీ కాదు.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చిపడింది. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. ఒక విశ్వవిద్యాలయం నుంచి మరోదానికి మారడమూ సులువైంది. 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా ఆటగాళ్లకు డబ్బు పంచుతున్నాయి. మొదటి ఏడాదికి గరిష్ఠ పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. అన్ని ఆటలకూ కలిపి ఇది. కష్టపడే పిల్లాడికి డబ్బు రావడం న్యాయమే. కానీ మూడేళ్లు మేపి తయారుచేసిన కుర్రాణ్ణి నాలుగో ఏట ఎవరో ఎక్కువిచ్చి తీసుకుపోతారంటే ఇక మేపేదెవరు? తయారైనవాణ్ణే కొనుక్కుందాం అనుకునే కోచ్‌లు పెరుగుతున్నారు. అందరూ ఎద్దుల్నే కొంటామంటే దూడను ఎవరు చూస్తారన్నది అక్కడి పల్లెటూళ్ల బెంగ.

కార్నర్‌లో కూర్చునేవాడు

మన దగ్గర ఈ లైన్‌కు దగ్గరి చుట్టం కబడ్డీ డిఫెన్స్. ఏడుగురిలో కూతకు వెళ్లేవాడు హీరో. తొడ కొడతాడు, బోనస్ గీత తాకుతాడు, టీవీలో అతని ముఖమే. రెండు చివర్లలో కాచుకు కూర్చునే కార్నర్లు, లోపలివైపు కవర్లు మాత్రం 30 సెకన్ల పాటు వంగి నిలబడి, ఒక్క క్షణం కోసం ఎదురుచూస్తారు. చీలమండ పట్టేవాడు ఒకడు, వెంటనే మీద పడేవాడు మరొకడు. మొదటివాడు తొందరపడితే ఇద్దరూ అవుట్. రెండోవాడు ఆలస్యం చేస్తే మొదటివాడు అవుట్. చేయి చేయి పట్టుకుని గొలుసుకట్టుగా కదలాలి. అఫెన్సివ్ లైన్‌కు దీనికి ఉన్న పెద్ద తేడా, కబడ్డీలో బరువుకు పైహద్దు ఉంటుంది. క్వింటాల్ మనిషి పనికిరాడు.

ఇలాంటివాడి విలువ తెలియక జరిగే నష్టం ఎంతో చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. 2023 ప్రో కబడ్డీ వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్ అనే రైడర్‌ను 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొంది. అప్పటికి లీగ్ చరిత్రలో అదే రికార్డు. పవన్ గొప్ప ఆటగాడు, అందులో అనుమానం లేదు. బాగా ఆడాడు కూడా. కానీ ఆ సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌లలో గెలిచింది రెండు. అట్టడుగున నిలిచింది. అదే వేలంలో పుణేరి పల్టన్ 2 కోట్ల 35 లక్షలు పోసింది ఇరాన్‌కు చెందిన మొహమ్మద్‌రెజా షాద్లూ మీద. కార్నర్‌లో కూర్చునేవాడు! మిగతా జట్టులో చాలామంది తమ యువ పల్టన్‌లో పెంచుకున్న కుర్రాళ్లే. 2024 మార్చి 1న ఆ జట్టే కప్పు ఎత్తింది. ఎక్కడో కాదు, హైదరాబాద్‌లోనే.

ఇరాన్‌వాళ్లకు ఈ పట్టు ఎక్కడిది? తరతరాల కుస్తీ. 2018 ఆసియా క్రీడల్లో సెమీఫైనల్‌లో భారత పురుషుల జట్టును ఓడించి, 1990 నుంచి వరసగా వచ్చిన ఏడు బంగారు పతకాల పరంపరకు వాళ్లే తెరదించారు. అదే ఏడాది ఫజల్ అత్రాచలి అనే ఇరాన్ డిఫెండర్‌కు ప్రో కబడ్డీలో కోటి రూపాయలు పలికింది.

సుగ్గికి పోయిన పిల్లాడు

మరి ఆస్పరి, ఆదోని, కోసిగి, పెద్దకడబూరు పల్లెల్లో ఇలాంటి కుర్రాళ్లు లేరా? పత్తి బోరాలు మోసే హమాలీల పిల్లలున్నారు. రాళ్ల చేలల్లో నాగలి పట్టే ఇళ్ల పిల్లలున్నారు. చట్రానికి కొదవ లేదు. చూసే కన్నుకే కొదవ.

క్రీడా పాఠశాలలున్నాయి. రాయలసీమలో కడపలో ఉంది. హైదరాబాద్ శివారు హకీంపేటలో 1993 నుంచి ఉంది. వీటిలో పిల్లల్ని నాలుగో తరగతి వయసులో ఎంచుకుంటారు. ఎత్తు, బరువు కొలుస్తారు. 30 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, బరువు బంతి విసరడం, 800 మీటర్ల పరుగు లాంటి పరీక్షలు పెడతారు. జిమ్నాస్టిక్స్‌కు ఆ వయసు సరైనదే. పరుగు ఆటలకూ కొంతవరకు ఫరవాలేదు. కార్నర్‌లో కూర్చోవలసినవాడు, గుండు విసరవలసినవాడు తొమ్మిదేళ్లకు ఎలా తెలుస్తాడు? వాడు పద్నాలుగో ఏట ఉన్నట్టుండి జానెడు పెరుగుతాడు. అప్పటికి తలుపు మూసుకుపోయి ఉంటుంది. అమెరికావాళ్లు 16 ఏళ్లకు చూసినా ఫిషర్ లాంటివాణ్ణి పోల్చుకోలేకపోయారు!

అంతకన్నా పెద్ద అడ్డం సుగ్గి. పడమటి కర్నూలులో వాన మోసం చేసిన ఏడు, చేయకపోయినా చాలా ఇళ్లలో, పంట పని అయిపోగానే మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి కుటుంబాలు కదిలిపోతాయి. కొందరు బెంగళూరు, హైదరాబాద్ కట్టడాల పనికి పోతారు. చాలామంది మళ్లీ వచ్చేది ఉగాదికి. ఈ మధ్య నెలల్లో జరిగే పోటీలన్నీ ఆ పిల్లలకు అందకుండా పోతాయి. రాష్ట్రమంతా ఊరూరా కబడ్డీ ఆడించిన ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీలు 2023 డిసెంబరు 26న మొదలై ఫిబ్రవరిలో ముగిశాయి. సరిగ్గా మిరప కోతల కాలం. ఊళ్లో లేనివాణ్ణి ఎవరు ఎంచుకుంటారు?

ఇంట్లోవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. పద్నాలుగేళ్ల ఒళ్లున్న కుర్రాడంటే చేలో పెద్దమనిషితో సమానంగా పని. వాణ్ణి ఊళ్లో వదిలితే ఒక కూలి పోతుంది, వాడికి వండిపెట్టే మనిషీ ఉండదు. ఆట అన్నం పెడుతుందా అని తండ్రి అడిగితే జవాబు లేకపోలేదు. రైల్వేలు, పోలీసు, బ్యాంకుల్లో కబడ్డీ ఆడి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు దేశంలో చాలామందే ఉన్నారు. కానీ ఆ జవాబు పదేళ్ల తర్వాతిది. ఆ తండ్రికి కావలసింది ఈ నవంబరుకు.

వలస వెళ్లే ఇళ్ల పిల్లల కోసం ఈ మండలాల్లో సీజనల్ హాస్టళ్లు నడిపిన అనుభవం ప్రభుత్వానికి ఉంది. తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా పిల్లలకు అక్కడే తిండి, పడక. ఆ హాస్టల్ ముందు పది మీటర్ల వెడల్పు, పదమూడు మీటర్ల పొడవు ఎర్రమట్టి చదును చేస్తే కబడ్డీ కోర్టే. పూటకో గుడ్డు ఎక్కువ పెట్టి, వారానికి నాలుగు రోజులు చీలమండ పట్టు నేర్పే మనిషి ఒకరు దొరికితే మొదటి ఏడాదికి అంతకుమించి ఏమీ అక్కర్లేదు. ఆడించక్కర్లేదు కూడా. ఆ ఏడాది పడావే అనుకోవచ్చు.

ఇంకా తక్కువ ఖర్చు పని ఒకటుంది. బడి గోడ మీద ఒక గీతల పట్టీ. జూన్‌లో బడి తెరిచినప్పుడు ఒకసారి, ఉగాదికి ఊరు నిండినప్పుడు ఒకసారి, ఏడు నుంచి పది దాకా పిల్లలందర్నీ నిలబెట్టి ఎత్తు, చాచిన చేతుల పొడవు, పాదం కొలిచి పేరు పక్కన రాసుకోవడం. వ్యాయామ ఉపాధ్యాయుడికి అరపూట పని. మిరప చేలో నాలుగంగుళాలు పెరిగి వచ్చిన కుర్రాడు ముందు దొరికేది ఆ గీతల్లోనే.